ఎంఏ ఎకనామిక్స్ తర్వాత ఆడవాళ్ళు ఏ దారి పట్టాలి: ముందు వయసు లెక్క, ఆ తర్వాతే పరీక్ష

ఇదే సందేహం ఉన్న మరికొందరికి పనికొస్తుందని మీ ప్రశ్నను కుదించి రాస్తున్నాను. మీ వయసు 27. ఇంటర్‌లో హెచ్‌ఈసీ, డిగ్రీ దాకా తెలుగు మీడియం, నాగార్జున యూనివర్సిటీలో ఎంఏ ఎకనామిక్స్, 61 శాతం. ఉండేది గుంటూరు, పాఠాలు చెప్పేది విజయవాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఐఈఎస్ (ఇండియన్ ఎకనామిక్ సర్వీస్) రాయాలా, ఆర్‌బీఐ రాయాలా, నెట్ (అధ్యాపకుల జాతీయ అర్హత పరీక్ష) రాసి పీహెచ్‌డీలో చేరాలా? అసలు ఈ సబ్జెక్టులో ఆడవాళ్ళు పై కుర్చీల దాకా వెళ్తారా? ఉద్యోగం మానేయాలా?

వెళ్తారా అన్నదానికి జవాబు తేలికే. ఆర్‌బీఐలో తొలి మహిళా డిప్యూటీ గవర్నర్‌గా కె.జె. ఉదేశి 2003లో వచ్చారు. ఆ తర్వాత శ్యామలా గోపీనాథ్, ఉషా థోరట్, 2025లో పూనమ్ గుప్తా. మైసూరులో పెరిగిన గీతా గోపీనాథ్ 2019లో ఐఎంఎఫ్ చీఫ్ ఎకనమిస్ట్ అయ్యారు. మన తెలుగువాళ్ళలో ప్రొఫెసర్ ఇ. రేవతి హైదరాబాద్‌లోని సెస్ అనే ఆర్థిక, సామాజిక అధ్యయన సంస్థకు డైరెక్టర్‌గా పనిచేశారు. అయితే 1969 నుంచి ఇస్తున్న ఎకనామిక్స్ నోబెల్ 2025 దాకా ముగ్గురు ఆడవాళ్ళకే దక్కింది: 2009లో ఎలినార్ ఓస్ట్రోమ్, 2019లో ఎస్తర్ డుఫ్లో, 2023లో క్లాడియా గోల్డిన్. అమెరికాలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేసేవాళ్ళలో దాదాపు మూడోవంతు ఆడవాళ్ళు ఉంటారు. ఫుల్ ప్రొఫెసర్ల దగ్గరికి వచ్చేసరికి ఐదోవంతు కూడా ఉండరు. మన కాలేజీల్లో ఎంఏ క్లాసురూము చూడండి, ఆ తర్వాత ప్రిన్సిపాల్ గదుల బోర్డులు చూడండి. లెక్క అక్కడా అలాగే కనిపిస్తుంది.

మధ్యలో జారిపోయేది ఎక్కడ అంటే, ఎక్కువమంది రెండు చోట్ల: వయసు గడువుల దగ్గర, ప్రమోషన్ లెక్కలోకి రాని పని దగ్గర. మిగతావన్నీ వీటి తర్వాతే. అందుకే నేను పరీక్షల కంటే ముందు క్యాలెండర్ గురించి మాట్లాడతాను.

ఐఈఎస్‌కు వయసు 21 నుంచి 30, పరీక్ష ఏడాది ఆగస్టు 1 నాటికి. ఓబీసీకి మూడేళ్ళు, ఎస్సీ ఎస్టీలకు ఐదేళ్ళు సడలింపు ఉంది. ఆడవాళ్ళకు ఫీజు లేదు, వయసులో మాత్రం ప్రత్యేకంగా సడలింపేమీ లేదు. ఆర్‌బీఐ గ్రేడ్ బి లో డీఈపీఆర్ అనే ఎకనామిక్స్ విభాగానికీ పైవయసు 30. పీహెచ్‌డీ ఉంటే 34 దాకా. ఎంఏలో 55 శాతం అడుగుతారు, మీకు సరిపోతుంది. ఇక నెట్. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయసు పరిమితే లేదు. అదే పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కు 30, ఆడవాళ్ళకు ఐదేళ్ళు కలిపి 35.

ఇప్పుడు ఈ మూడూ పక్కపక్కన పెట్టండి. ఓపెన్ కేటగిరీ అయితే మీకు ఐఈఎస్, ఆర్‌బీఐ తలుపులు మరో మూడేళ్ళలో మూసుకుంటాయి. జేఆర్‌ఎఫ్‌కు ఇంకా ఎనిమిదేళ్ళు ఉంది. మనవైపు అందరూ చేసేది దీనికి తిరగేసి: ముందు తేలికని నెట్ రాస్తారు, పీహెచ్‌డీలో చేరతారు, 31వ ఏట ఐఈఎస్ నోటిఫికేషన్ చూసి నిట్టూరుస్తారు. ముందు మూసుకునే తలుపు ముందు తట్టాలి. పైగా ఐఈఎస్‌కు చదివింది నెట్‌కు దాదాపు మొత్తం పనికొస్తుంది, నెట్‌కు చదివింది ఐఈఎస్‌కు సగమే పనికొస్తుంది.

ఐఈఎస్ మీద గంపెడాశ పెట్టుకోకండి. ఖాళీలు చాలా తక్కువ, చాలా ఏళ్ళు పదికీ ముప్పైకీ మధ్యే ఉంటాయి. దేశం మొత్తానికి అంతే. అందుకే దాన్ని ఒంటరి లక్ష్యంగా పెట్టుకుని మూడేళ్ళు ఇంట్లో కూర్చోమని ఎవరికీ చెప్పను. రెండు సార్లు గట్టిగా రాయండి, దానితోపాటే ఆర్‌బీఐ, నెట్ రాయండి.

రాసేటప్పుడు తెలుగు మీడియం వాళ్ళు దెబ్బతినేది ఎక్కడో చెప్తాను. ఐఈఎస్ జవాబులు ఇంగ్లీషులోనే రాయాలి. జనరల్ ఇంగ్లీషు, జనరల్ స్టడీస్ చెరి 100 మార్కులు, నాలుగు ఎకనామిక్స్ పేపర్లు ఒక్కోటి 200, రాతపరీక్ష మొత్తం 1000, వైవా 200. ఎకనామిక్స్ పేపరుకు 3 గంటలు, అంటే 200 మార్కులకు 180 నిమిషాలు. పది మార్కుల ప్రశ్నకు మీ చేతిలో ఉన్నది 9 నిమిషాలే. ఆ 9 నిమిషాల్లో ఆలోచన తెలుగులో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి మార్చుకుంటూ రాస్తే చివరి రెండు ప్రశ్నలు ఖాళీగా మిగులుతాయి. మందు ఒక్కటే. రోజూ ఒక ప్రశ్న, గడియారం పెట్టుకుని, ఒక పటం, ఒక సమీకరణం, ఆరేడు వాక్యాలు. పటం ముందు గీయండి. అక్షాలకు పేర్లు, రేఖలకు గుర్తులు, సమతౌల్య బిందువు స్పష్టంగా ఉంటే వాక్యాలు సగానికి తగ్గుతాయి. ఇంగ్లీషు అలంకారంగా ఉండక్కర్లేదు, పొట్టి వాక్యాలు చాలు. సెంటరు హైదరాబాద్ పెట్టుకుంటే పేపర్లు వరసగా రెండుమూడు రోజులు ఉంటాయి కాబట్టి బస ముందే చూసుకోండి.

అంతకంటే పెద్ద అడ్డు గణితం. హెచ్‌ఈసీ నుంచి వచ్చినవాళ్ళు ఐఈఎస్ మొదటి ఎకనామిక్స్ పేపర్లో క్వాంటిటేటివ్ భాగాన్ని వదిలేసి, మిగతాది బట్టీ పడతారు. అలా గట్టెక్కడం కష్టం. ఓస్ట్రోమ్ సంగతే చూడండి: స్కూల్లో ఆడపిల్ల కదా అని పై గణితం వైపు వెళ్ళనివ్వలేదు, తర్వాత ఆ గణితం లేదనే యూసీఎల్ఏలో ఎకనామిక్స్ పీహెచ్‌డీకి సీటు ఇవ్వలేదు. ఆమె పొలిటికల్ సైన్స్‌లో 1965లో పీహెచ్‌డీ చేసి, చివరికి ఎకనామిక్స్ నోబెలే తీసుకున్నారు. అందరికీ అలా జరగదు.

మీకు కావలసిన గణితం పెద్ద కొండేమీ కాదు. ఇంటర్ ఎంపీసీ పాత సిలబస్ పుస్తకాలు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. 1ఏ లో మాత్రికలు, 1బి లో అవధులు, అవకలనం, దాని అనువర్తనాలు, 2ఏ లో విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు. త్రికోణమితి, సరళరేఖల్లో లోతైన లెక్కలు వదిలేయండి. ఇది రోజుకు గంటన్నర చొప్పున నాలుగు నెలల పని. ఆ తర్వాత రెండు నెలలు పాక్షిక అవకలనం, లాగ్రాంజ్ పద్ధతి, పరికల్పన పరీక్షలు, రిగ్రెషన్. లాగ్రాంజ్ వచ్చిందో లేదో తెలుసుకునే పరీక్ష ఇది: వినియోగదారుడి బడ్జెట్ సమస్య ఒకటి తీసుకుని పరిష్కరించండి, లామ్డా విలువ వచ్చాక అది ఏం చెబుతోందో ఒక వాక్యంలో రాయండి. ఆదాయం ఒక రూపాయి పెరిగితే గరిష్ఠ ప్రయోజనం సుమారు ఎంత పెరుగుతుందో అది చెబుతుంది. ఆ వాక్యం పుస్తకం చూడకుండా రాయగలిగితే ముందుకు వెళ్ళండి.

చదివే గంటల విషయంలో నిజం మాట్లాడుకుందాం. 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. మూడు గంటల పైచిలుకు తేడా. మీ తమ్ముడికి, మీకు ఒకే పుస్తకం ఇచ్చి ఒకే టైంటేబుల్ ఇస్తే ఆ టైంటేబుల్ మీ దగ్గర ఫెయిలవుతుంది. కాబట్టి ‘రాత్రి పని అయ్యాక చదువుతా’ అనే లెక్క పెట్టుకోకండి, ఆ పని ఎప్పుడూ అవదు. కాలేజీ అయ్యాక విజయవాడలోనే గంటన్నర లైబ్రరీలో కూర్చుని, ఆ తర్వాత గుంటూరు బస్సెక్కండి. ఇంటికి వెళ్ళాక చదివే గంటను ఎవరో ఒకరు అడుగుతారు. లైబ్రరీలో ఉన్న గంటను అడిగేవాళ్ళు ఉండరు.

నెట్ గురించి కొద్దిగానే. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100, మొత్తం 300 మార్కులు, 3 గంటలు, నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్కటి కూడా వదలకండి. ఏడాదికి రెండుసార్లు వస్తుంది. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000, సీనియర్ ఫెలోషిప్ 42,000. పెళ్ళయ్యాక కూడా ఇది మీ పేరున, మీ ఖాతాలో పడే డబ్బు. ఇంట్లో పీహెచ్‌డీ అంటే ‘ఇంకా చదువా’ అంటారు, నెలకు 37,000 అంటే వినే తీరు మారుతుంది. నెట్ లాంటిదే రాష్ట్ర స్థాయిలో జరిగే సెట్ కూడా రాయండి, కాకపోతే దానికి ఫెలోషిప్ ఉండదు, లెక్చరర్ అర్హత మాత్రమే.

పీహెచ్‌డీ నిబంధనలు 2022లో యూజీసీ మార్చింది. అందులో ఆడవాళ్ళకు సంబంధించినవి మూడున్నాయి, డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. గడువు మామూలుగా ఆరేళ్ళు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఎనిమిది, ఆడవాళ్ళకు మరో రెండేళ్ళు కలిపి పది దాకా ఇవ్వొచ్చు. మొత్తం పీహెచ్‌డీ కాలంలో ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఉంటుంది. మూడోది మీకు అసలైనది: పెళ్ళి వల్లో మరే కారణం వల్లో మీరు వేరే ఊరు వెళ్ళాల్సి వస్తే, మీ పరిశోధన డేటాను ఆ ఊరి యూనివర్సిటీకి తీసుకెళ్ళనివ్వాలి. రెండు షరతులు. ఆ పని గైడుకో యూనివర్సిటీకో ఏదైనా సంస్థ నిధులిచ్చిన ప్రాజెక్టులోది కాకూడదు. పాత యూనివర్సిటీకి, గైడుకు తగిన క్రెడిట్ ఇవ్వాలి. కాబట్టి నాగార్జునలో చేరి తర్వాత హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్ళాల్సి వస్తుందేమో అన్న భయంతో చేరకుండా ఆగొద్దు. చేరేటప్పుడు మాత్రం టాపిక్ గైడు ప్రాజెక్టులో భాగమా, మీ సొంతమా అన్నది తేల్చుకుని, సినాప్సిస్‌లో ఆ మాట కనిపించేలా చూసుకోండి.

గైడును ఎంచుకునేటప్పుడు మంచివారా కాదా అని వాకబు చేయడం మామూలే. దానితోపాటు ఇవి కూడా అడగండి. రిటైర్మెంట్‌కు ఎన్నేళ్ళుంది? మూడేళ్ళలోపు ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. నాలుగేళ్ళున్నా మీ థీసిస్ సగంలో ఉండగా వెళ్ళిపోతారు. ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? ప్రొఫెసర్‌కు ఎనిమిది, అసోసియేట్‌కు ఆరు, అసిస్టెంట్‌కు నాలుగు మించకూడదు. ఆయన లేదా ఆమె దగ్గర చేరిన అమ్మాయిల్లో ఎంతమంది పూర్తిచేశారు? ఈ ప్రశ్నకు జవాబు గైడు దగ్గర కాదు, యూనివర్సిటీ లైబ్రరీలోని థీసిస్ అరల దగ్గర దొరుకుతుంది. గంట కూర్చుంటే పేర్లు, ఏళ్ళు అన్నీ కనిపిస్తాయి. లైంగిక వేధింపుల మాట వస్తే, యూనివర్సిటీలోని అంతర్గత ఫిర్యాదుల కమిటీకి రాతపూర్వక ఫిర్యాదుకు గడువు మూడు నెలలు, కారణం చూపిస్తే మరో మూడు. ‘థీసిస్ అయ్యాక చూద్దాం’ అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది. మెసేజ్‌లు చెరపకండి.

టాపిక్ మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళ థీసిసుల్లో సగం ‘గుంటూరు జిల్లాలో స్వయం సహాయక బృందాల ద్వారా మహిళా సాధికారత, ఒక అధ్యయనం’ అనే మూసలో ఉంటాయి. 300 మందిని అడిగి, శాతాలు వేసి, సాధికారత పెరిగింది అని ముగిస్తారు. బయటి పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్నే దాన్ని కూల్చేస్తుంది: బృందంలో చేరకపోయినా వాళ్ళు అలాగే ఉండేవాళ్ళేమో, మీకెలా తెలుసు?

అదే డ్వాక్రా మీద అయినా ప్రశ్న పదునుగా ఉండాలి. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రం మైక్రోఫైనాన్స్ ఆర్డినెన్స్ తెచ్చాక ప్రైవేటు అప్పు ఒక్కసారిగా ఆగింది. ముందు, తర్వాత, ఈ రాష్ట్రం, పక్క రాష్ట్రం అని పోల్చడానికి అక్కడ ఒక తేదీ దొరికింది. లేదా మిర్చి యార్డు చూడండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముమ్మరంగా వస్తుంది, తొడిమలు తీసే పనిలో, గ్రేడింగులో ఎక్కువమంది ఆడవాళ్ళే. కిలో లెక్కన ఇచ్చేచోట, రోజుకూలి ఇచ్చేచోట ఆదాయంలో తేడా ఎంత, పని గంటల్లో తేడా ఎంత, ఇంటికి దగ్గరగా ఉన్న పని కోసం ఎంత కూలి వదులుకుంటున్నారు? ఇది కొలవదగిన ప్రశ్న. ప్రశ్నావళి 40 ప్రశ్నలు దాటనివ్వకండి. ముందు పదిమందితో నడిపి చూసి, తడబడిన ప్రశ్నలు మార్చి, ఆ తర్వాతే అసలు సర్వే. పని జరుగుతుండగా అడిగితే మేస్త్రి వినేలా జవాబులు చెబుతారు. సాయంత్రం ఇళ్ళ దగ్గర అడగండి.

ఈ సబ్జెక్టులో ఒక అమ్మాయిని మిగతావాళ్ళ నుంచి వేరుగా నిలబెట్టేది యూనిట్ లెవెల్ డేటా, అంటే సర్వేలో ఒక్కో ఇంటి, ఒక్కో మనిషి జవాబులున్న ఫైళ్ళ మీద పని. పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే జాతీయ శ్రామిక సర్వే డేటా కేంద్ర గణాంక శాఖ సైటులో ఉచితంగా దొరుకుతుంది. ఆర్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్ చాలు. కొత్తవాళ్ళు తప్పు చేసేది బరువుల (వెయిట్స్) దగ్గర, అంటే సర్వేలోని ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెల దగ్గర. ఫైల్లో మల్టిప్లయర్ పేరుతో ఉన్న ఆ అంకెను అలాగే వాడకూడదు. ఒకే సబ్ శాంపిల్ ఉన్నచోట 100తో, రెండూ ఉన్నచోట 200తో భాగించాలి, ఏడాది మొత్తానికి కలిపేటప్పుడు క్వార్టర్ల సంఖ్యతోనూ భాగించాలి. సరిగ్గా చేశారో లేదో చూసుకోవడానికి ముందు ప్రభుత్వం అచ్చువేసిన అంకెను మీరే తిరిగి రాబట్టండి. 2023-24లో 15 ఏళ్ళు, ఆపై వయసున్న ఆడవాళ్ళ శ్రామిక భాగస్వామ్యం 41.7 శాతం. మీకు 41.7 రాకపోతే అక్కడే ఆగి తప్పు వెతకండి, ఆ తర్వాతే సొంత ప్రశ్నకు వెళ్ళండి. ఆ ఏళ్ళ ఫైళ్ళలో గుంటూరు జిల్లాకు విడిగా శాతం తీయకండి, శాంపిల్ రాష్ట్ర స్థాయికే చాలుతుంది. 2025 జనవరి నుంచి సర్వే రూపకల్పనే మారింది కాబట్టి పాత ఏళ్ళతో కలిపి ఒకే గీత గీయకండి.

2017-18లో ఇదే అంకె 23.3. ఆరేళ్ళలో అంత పెరుగుదల ఎలా వచ్చిందన్న దాని మీద దేశమంతా వాదన నడుస్తోంది. మన ఊళ్ళు తెలిసినవాళ్ళకు ఇందులో ఒక మేలు ఉంది. సర్వేలో స్టేటస్ కోడ్ 92 అంటే ఇంటిపని మాత్రమే, 93 అంటే ఇంటిపనితోపాటు కట్టెలు ఏరడం, సొంత బట్టలు కుట్టుకోవడం లాంటివి. ఈ రెండూ శ్రామికుల లెక్కలోకి రావు. 21 అంటే కుటుంబ వ్యవసాయంలోనో వ్యాపారంలోనో జీతం లేకుండా సాయపడటం, ఇది లెక్కలోకి వస్తుంది. తెనాలి దగ్గర రెండు గేదెలు మేపి పాలకేంద్రానికి పాలు పోసే ఆవిడను ‘ఏం చేస్తారమ్మా’ అంటే ‘ఇంట్లోనే ఉంటానండీ’ అంటుంది. అడిగేవాళ్ళు అంతటితో ఆగితే 92. ‘పాలు ఎవరు పోస్తారు, గేదెల పని ఎవరు చూస్తారు’ అని ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే కోడ్ మారిపోతుంది. ఏడాదిలో 30 రోజులు చేసినా అది అనుబంధ పనిగా నమోదవుతుంది. ఈ సంగతి తెలిసి డేటా చదివేవాళ్ళకు, ఢిల్లీలో కూర్చుని చదివేవాళ్ళకు చాలా తేడా ఉంటుంది. ఇంటర్వ్యూలో ఇలాంటి ఒక్క విషయం చెబితే బోర్డు ముందుకు వంగి వింటుంది.

ఇక పై కుర్చీల లెక్క. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీతో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే ప్రమోషన్ మెట్లు 4, 5, 3, 3 ఏళ్ళు, మొత్తం 15 ఏళ్ళకు ప్రొఫెసర్. వైస్ ఛాన్సలర్‌కు ప్రొఫెసర్‌గా పదేళ్ళ అనుభవం కావాలి. 30వ ఏట చేరితే 45కి ప్రొఫెసర్, 55కి వీసీ అర్హత. 38వ ఏట చేరితే 53, 63. ఎనిమిదేళ్ళ ఆలస్యం మొదట్లో చిన్నదిగా కనిపిస్తుంది, చివర్లో కుర్చీయే అందదు. దీనికి అడ్డదారి ఒకటుంది, అదీ నిబంధనల్లోదే: డైరెక్ట్ రిక్రూట్‌మెంట్. ఎనిమిదేళ్ళ అనుభవం, ఏడు పేపర్లతో అసోసియేట్‌కు, పదేళ్ళు, పది పేపర్లతో ప్రొఫెసర్‌కు నేరుగా అప్లై చేయొచ్చు. సీనియారిటీ కోసం కూర్చోకుండా బయటి నోటిఫికేషన్లకు అప్లై చేసే అలవాటు మగవాళ్ళలో ఎక్కువ. ఊరు మారాలేమో అని ఆడవాళ్ళు ఫారమే తీయరు. ఫారం వేయడానికీ ఊరు మారడానికీ మధ్య చాలా దూరముంది, ముందు వేయండి. డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్‌కు పీహెచ్‌డీతోపాటు 15 ఏళ్ళ అనుభవం చూస్తారు.

ఇక్కడే మీకో చేదు సంగతి. జూనియర్ కాలేజీ అనుభవం ఈ లెక్కల్లో దేనిలోకీ రాదు. గెస్ట్ ఫ్యాకల్టీ కాలం కూడా చాలావరకు రాదు. కాంట్రాక్ట్ అనుభవం లెక్కించాలంటే రెగ్యులర్ వాళ్ళకు తగ్గని స్థూల జీతం, సరైన ఎంపిక ప్రక్రియ ఉండాలి. అందుకే ఎక్కడ చేరినా నియామక పత్రం, ఎంపిక కమిటీ వివరం, బ్యాంకులో పడిన జీతం రుజువు భద్రపరచుకోండి. చేతికి డబ్బిచ్చి సంతకం పెట్టించుకునే చోట పదేళ్ళు చేసినా కాగితం మీద సున్నా.

లెక్కకు రాని పని గురించి. అమెరికాలో లిండా బాబ్‌కాక్, లీసె వెస్టర్‌లుండ్ బృందం 2017లో చూపించింది: ఎవరో ఒకరు చేయక తప్పదు, చేసినవాళ్ళకు ప్రమోషన్ రాదు, అలాంటి పనిని ఆడవాళ్ళే ఎక్కువ ఒప్పుకుంటారు, ఆడవాళ్ళనే ఎక్కువగా అడుగుతారు కూడా. మన కాలేజీల్లో దాని రూపం మీకు తెలుసు. నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే తనిఖీ) ఫైళ్ళు, వార్షికోత్సవం యాంకరింగ్, ముఖ్య అతిథికి బొకే, సంక్రాంతి ముగ్గుల పోటీ, అమ్మాయిల టూరుకు తోడు. వీటన్నిటికీ ‘మేడమ్ అయితే చక్కగా చేస్తారు’ అనే మాట. గట్టిగా కాదనడం అన్నిచోట్లా కుదరదు. కుదిరే పద్ధతి ఒకటుంది: ఏడాది మొదట్లోనే మీరే రెండు పనులు ఎంచుకుని రాతపూర్వకంగా అడగండి, అవి కాగితం మీద కనిపించేవి కావాలి. పరీక్షల విభాగం, రీసెర్చ్ కమిటీ, బోర్డ్ ఆఫ్ స్టడీస్, పరిశోధన నిధుల దరఖాస్తు. ఆ తర్వాత బొకే పని వచ్చినప్పుడు ‘ఈ ఏడాది నాకు ఈ రెండున్నాయి సార్, ఈసారి ఫలానా సార్‌కు ఇవ్వండి’ అనవచ్చు. వంతులవారీ పట్టిక పెట్టమని స్టాఫ్ మీటింగులో అడగండి. మినిట్స్‌లో రాయించండి.

పేపర్ల విషయంలో ఇంకో చిక్కు. ఎకనామిక్స్‌లో రచయితల పేర్లు అక్షరక్రమంలో వేసే ఆచారం ఉంది కాబట్టి ఎవరెంత చేశారో బయటికి తెలియదు. హెదర్ సార్సన్స్ అమెరికన్ యూనివర్సిటీల సమాచారంతో చూపించిందేమిటంటే, ఒంటరిగా రాసిన పేపరుకు ఆడ మగ ఇద్దరికీ సమానంగా పేరొస్తుంది, మగవాళ్ళతో కలిసి రాస్తే ఆడవాళ్ళకు దక్కే పేరు తగ్గుతుంది. కాబట్టి మొదటి మూడు పేపర్లలో ఒకటైనా ఒంటరిగా రాయండి. గైడుతో కలిసి రాసినవాటిలో ఎవరు డేటా, ఎవరు విశ్లేషణ, ఎవరు రాత అని చివర ఒక పేరా పెట్టించండి. ‘ఇంత కట్టండి, వారంలో వేస్తాం’ అనే జర్నళ్ళ జోలికి వెళ్ళకండి. యూజీసీ కేర్ జాబితాను 2025లో ఎత్తేశాక నాణ్యత చూసే బాధ్యత యూనివర్సిటీల మీద పడింది, సెలెక్షన్ కమిటీలో ఒక్కరు జర్నల్ పేరు చదివి నవ్వినా మీ ఫైలు పక్కకు వెళ్తుంది. ఎరిన్ హెంగెల్ పరిశోధనలో ఆడవాళ్ళ పేపర్లు ఎకనామెట్రికా జర్నల్‌లో సమీక్షకు దాదాపు ఆరు నెలలు ఎక్కువ తీసుకున్నట్టు తేలింది. ఆలస్యం మామూలే అనుకుని, ఒకటి పంపగానే రెండోది మొదలుపెట్టండి.

సెమినార్లలోనూ ఆడవాళ్ళను ఎక్కువ ప్రశ్నలు అడుగుతారని పాస్కలిన్ దూపా బృందం 2021లో లెక్కగట్టింది. ఇచ్చేది పదిహేను నిమిషాలైతే స్లైడ్లు పది దాటనివ్వకండి, మీ ప్రధాన ఫలితం మూడో స్లైడులో ఉండాలి. మధ్యలో ఎవరైనా ఆపి ఉపన్యాసం మొదలుపెడితే ‘ఆ విషయం ఏడో స్లైడులో ఉంది సార్, అక్కడ మాట్లాడదాం’ అని ముందుకు సాగండి. ఎదురు పడేవాళ్ళు మీ పాత గురువులే కావచ్చు, అయినా సమయం మీదే.

పిల్లలు పుట్టే కాలం గురించి: కేంద్ర ఉద్యోగంలో మొత్తం సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది, మొదటి 365కు పూర్తి జీతం, తర్వాతి 365కు 80 శాతం. మన రాష్ట్రంలో 180 రోజులు. కాంట్రాక్టు ఉద్యోగినికి కాంట్రాక్టు గడువు ముగిసిందన్న కారణంతో ప్రసూతి ప్రయోజనం ఆపకూడదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది, ఆ తీర్పు కాపీ ఒకటి మీ దగ్గర పెట్టుకోండి. గోల్డిన్ పనిలో పదే పదే కనిపించే విషయం ఒకటి ఇక్కడ పనికొస్తుంది: జీతాల తేడా ఎక్కువగా మొదటి బిడ్డ తర్వాత తెరుచుకుంటుంది, అదీ మన బదులు ఇంకొకరు కూర్చోవడం కుదరని ఉద్యోగాల్లో. ఆ కొలతతో చూస్తే కన్సల్టెన్సీ కంటే యూనివర్సిటీ, గణాంక శాఖ, ఆర్‌బీఐ నయం. ఏపీపీఎస్సీ అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టు మీద కూడా కన్నేసి ఉంచండి, డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక పేపరుగానైనా ఉందో లేదో మార్కుల జాబితా చూసుకోండి.

ఉద్యోగం మానేయాలా అన్నది చివరి ప్రశ్న. ఇప్పుడే వద్దు. గణితం నడిచే ఆరు నెలలూ జీతం రానివ్వండి, అందులో సగం ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టండి. ఐఈఎస్ రాతపరీక్షకు రెండుమూడు నెలల ముందు మానేయండి. ఈ కాలేజీలు విద్యాసంవత్సరం మధ్యలో వదలవు, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని ఉంటాయి. మీవి వాళ్ళ దగ్గర ఉంటే మార్చిలో పరీక్షలు ముగిసే సమయానికి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి వెనక్కి తెచ్చుకోండి, ఐఈఎస్ సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కైనా పీహెచ్‌డీ అడ్మిషన్‌కైనా జిరాక్సు చెల్లదు. సంబంధాలు చూస్తున్న ఇంట్లో ఈ ఏడాది పరీక్ష తేదీలు రాసిన కాగితం ఒకటి నాన్నగారి చేతికివ్వండి. అబ్బాయి వాళ్ళతో మాట్లాడేటప్పుడు ‘చదువుకోనిస్తారా’ అని అడిగితే అందరూ సరే అంటారు, అది జవాబు కాదు. ‘ఫలానా నెలలో పరీక్ష, ఆ ముందు రెండు నెలలు నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఖర్చు నాదే’ అని చెప్పి, ఆ తర్వాత వాళ్ళేమంటారో వినండి.